వాల్బర్‌స్విక్ చర్చిని ఎవరు పడగొట్టారు? ఒక కేస్ స్టడీ

ఇంగ్లండు తూర్పు తీరంలో సఫోక్ కౌంటీ ఉంది. అక్కడ బ్లైత్ నది సముద్రంలో కలిసే చోట వాల్బర్‌స్విక్ అనే చిన్న ఊరు. ఊరికి ఎగువన సెయింట్ ఆండ్రూ చర్చి. దూరం నుంచి చూస్తే ఎత్తైన టవర్ ఒక్కటే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే పైకప్పు లేని పెద్ద గోడలు, అద్దాలు లేని కిటికీ చట్రాలు, లోపలంతా గడ్డి. ఆ శిథిలంలోనే ఒక పక్కన కప్పు వేసి తలుపు బిగించిన చిన్న చర్చి. ఆదివారం ప్రార్థనలు అందులోనే జరుగుతాయి.

చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఎవరు పడగొట్టారని. దానికి ఆ తీరమంతా చెప్పే జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: క్రామ్‌వెల్ మనుషులు, అంటే 1640ల అంతర్యుద్ధంలో రాజుకి ఎదురు నిలిచిన పార్లమెంటు పక్షంవాళ్లు. నేను పాత కట్టడాల మరమ్మతులు, వాటి అంచనాలు చూసే ఆర్కిటెక్టుని. కొత్తగా పనిలో చేరిన పిల్లలకి ముందుగా ఈ కేసే ఇస్తాను. టవర్ కట్టినప్పటి ఒప్పందం, ఆ తరవాతి ఖర్చుల పద్దులు, చర్చిని విప్పేసిన సంవత్సరం, ఈ మూడూ ఒకే ఊరికి దొరకడం చాలా అరుదు. వాటిని వరుసగా చదివితే, చర్చిని ఈ స్థితికి తెచ్చింది ఆ ఊరివాళ్లేనని తేలుతుంది. పైగా వాళ్లు చేసింది తెలివైన పనేనని నా అభిప్రాయం.

పొరుగూరి నష్టం, ఈ ఊరి లాభం

వాల్బర్‌స్విక్‌కి దక్షిణాన డనిచ్ అనే పట్టణం ఉండేది. మధ్యయుగంలో ఆ తీరానికంతటికీ అదే పెద్ద రేవు. 1280ల తుపాన్లు దాన్ని గట్టిగా దెబ్బతీశాయి. 1328 తుపానుకి గులకరాళ్ల మేట పడి దాని రేవు మూసుకుపోయింది. నది ఉత్తరాన మరో దారి చూసుకుంది. దాంతో ఓడల రాకపోకలు మెల్లగా వాల్బర్‌స్విక్ వైపు మళ్లాయి. అంతకుముందు ఈ ఊరికి దిగువన, చిత్తడి నేలల దగ్గర ఒక పాత చర్చి ఉండేది. చేతిలో డబ్బు ఆడేసరికి ఊరివాళ్లకి అది ఆనలేదు. పైన మెరక నేల మీద కొత్తది కట్టాలనుకున్నారు. ముందు టవర్‌తో మొదలుపెట్టారు.

1426 నాటి లేబర్ కాంట్రాక్టు

ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాగితం ఇది. ఊరి తరఫున కొందరు పెద్దలు ఒక పక్క. డనిచ్‌కి చెందిన రిచర్డ్ రస్సెల్, బ్లైత్‌బరాకి చెందిన ఆడమ్ పౌల్ అనే ఇద్దరు మేస్త్రీలు రెండో పక్క. ఇప్పుడు మన ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు మాట్లాడుకునే లేబర్ కాంట్రాక్టు ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. రాయి, సున్నం, ఇసుక, నీళ్లు అన్నీ ఊరే తెచ్చివ్వాలి. పనితనం మేస్త్రీలది.

డ్రాయింగు లేదు. దాని బదులు చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికే ఉన్న టవర్లను చూపించి మాట్లాడుకున్నారు. గోడల పనితనం టన్‌స్టల్ టవర్‌లా ఉండాలి. పడమటి తలుపు హేల్స్‌వర్త్ తలుపుకి ఏమాత్రం తీసిపోకూడదు. దాని పైన నాలుగు గళ్ల కిటికీ, అదీ హేల్స్‌వర్త్‌దిలాగే. పై అంతస్తులో నాలుగు కిటికీలు, ఒక్కోదానికి మూడేసి గళ్లు. టవర్ వెడల్పు 12 అడుగులు, గోడల మందం 6 అడుగులు.

ఆ రెండు అంకెల దగ్గర కాసేపు ఆగాలి. లోపలి వెడల్పు 12 అడుగులు, ఇటు గోడ 6, అటు గోడ 6. అంటే టవర్‌లో ఖాళీ ఎంతో గోడ అంత. బయటి కొలత 24 అడుగుల చతురస్రం. లెక్క వేస్తే ఒక గజం ఎత్తు లేవడానికి, కిటికీల ఖాళీలు తీసెయ్యకుండా, 48 ఘనగజాల కట్టుబడి కావాలి. ఒప్పందంలో కూలి గజం ఎత్తుకి 40 షిల్లింగులు, అంటే 480 పెన్నీలు. ఘనగజానికి సరిగ్గా 10 పెన్నీలు పడింది. ఆ కాలంలో నిపుణుడైన మేస్త్రీ రోజు కూలి సుమారు 6 పెన్నీలు, మామూలు కూలీకి 4. ఆ లెక్కన గజం ఎత్తు లేపడానికి ఎనభై మేస్త్రీ రోజులు. ఇంత మందం గోడకి ఇది పిసినారి బేరమేమీ కాదు, అలాగని దుబారా కూడా కాదు. నిలవాల్సిన పనికి తగిన రేటు.

డబ్బు కాక ఏడాదికో పీపా హెర్రింగ్ చేపలు, ఒక్కొక్కరికి ఒక నిలువుటంగీ. పని చేసుకోవడానికి, వండుకు తినడానికి, పడుకోవడానికి పని దగ్గరే ఒక ఇల్లు కూడా ఊరే చూపించాలి. హెర్రింగ్ అంటే మన కోస్తాలో దొరికే కవళ్ల జాతికి దగ్గరిది. కూలిలో చేప కూడా ఉందంటే ఆ ఊరికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో షరతు కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించకుండా దాటేస్తారు. మొదటి ఏడాది తప్పిస్తే, రాయి పేర్చే పని ఏటా మార్చి 25న వచ్చే మేరీమాత పండుగ నుంచి సెప్టెంబరు 29న వచ్చే మైకేల్మస్ పండుగ దాకానే జరగాలి. ఇది భక్తితో పెట్టిన నియమం అనుకుంటే పొరపాటు. సఫోక్‌లో చెక్కడానికి పనికొచ్చే మంచి రాయి దొరకదు. చేలల్లో, ఒడ్డున దొరికేది చెకుముకి రాయి. గుండ్రంగా, నున్నగా, పిడికెడంత ఉంటుంది. నీళ్లు పీల్చదు, పక్క రాయితో కరుచుకోదు. అలాంటి రాళ్లతో గోడ కడితే దాన్ని నిలబెట్టేది మధ్యలో ఉన్న సున్నమే. సున్నం గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది. ఆరు అడుగుల మందంలో నడి భాగం బిగియడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. పచ్చిగా ఉండగా మంచు పట్టిందా, పొడిపొడిగా రాలిపోతుంది. తొందరపడి ఒకే ఏడాదిలో ఎత్తు లేపితే కింది గోడ ఉబ్బుతుంది. అందుకని వేసవిలో కొంత ఎత్తు కట్టి, పైన కప్పిపెట్టి, చలికాలమంతా వదిలేస్తారు. ఈ రకం గోడల దగ్గర నిలబడి పరంజి కర్రలు దూర్చిన కన్నాలను, అడ్డంగా సాగే అతుకు గీతలను గమనిస్తే ఏ సీజన్‌లో ఎంత ఎత్తు లేచిందో కొంత మేరకు చెప్పొచ్చు. మూలలకి, కిటికీలకి మాత్రం బయటి నుంచి తెచ్చిన చెక్కుడు రాయి వాడారు. తూర్పు ఇంగ్లండులో ఆ రాయి ఎప్పుడూ ఓడల మీద రావాల్సిందే. రేవు ఉన్న ఊరికి అది కాస్త చవక.

చేపల డబ్బు

టవర్ తరవాత పాత చర్చికి బదులుగా కొత్త చర్చి, దాని పక్కన వసారాలు. 15వ శతాబ్దం రెండో సగంలో సాగిన ఆ పని 1493 నాటికి పూర్తయింది. 1450 నుంచి చర్చ్‌వార్డెన్ల పద్దులు మిగిలాయి. చర్చ్‌వార్డెన్లంటే ఊరివాళ్లు ఎన్నుకునే ధర్మకర్తల్లాంటివాళ్లు. ఆ పద్దుల్లో హెర్రింగ్, స్ప్రాట్ చేపల వేటకెళ్లే పడవల రాబడిలోంచి చర్చికి రావాల్సిన వాటాలు కనిపిస్తాయి. 1754లో ఈ ప్రాంత చరిత్ర రాసిన థామస్ గార్డ్‌నర్ పాత కాగితాలు చూసి ఒక లెక్క ఇచ్చాడు: 1451లో ఊరికి ఐస్‌లాండ్, ఫారో దీవులు, ఉత్తర సముద్రం వైపు వెళ్లే పెద్ద ఓడలు 13, దగ్గర్లో వేటాడే పడవలు 22.

చేపకి అంత గిరాకీ ఉండటానికి చర్చే కారణం. శుక్రవారాలు, ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజులు, ఇంకా బోలెడు ఉపవాస దినాల్లో మాంసం తినకూడదు. ఉప్పు వేసిన హెర్రింగ్, ఎండబెట్టిన కాడ్ చేప ఇంగ్లండంతా తినేది. చర్చి పెట్టిన నియమం చేపను అమ్మించింది, చేప డబ్బు చర్చిని కట్టింది.

కట్టడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు. నేవ్ అనే నడిమి హాలు, రెండు పక్కలా స్తంభాల వరసలతో వేరుపడిన వసారాలు, తూర్పున పూజాపీఠం ఉండే చాన్సెల్, అన్నిటి మీదా వాలు తక్కువగా ఉన్న సీసపు రేకుల కప్పు. సీసం ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, చివరికి పగులుతుంది. కొన్ని తరాలకోసారి కరిగించి మళ్లీ పోత పోయాలి. నడిమి హాలు కప్పు నీళ్లు వసారా కప్పు మీద పడతాయి. గోడల మీది పిట్టగోడల వెనక కాలవలు పూడుకుంటే నీరు దూలం కొసల్లోకి దిగుతుంది. అంత పెద్ద కప్పుకి ఏటా ఎంతో కొంత ఖర్చు తప్పదు. నేవ్ మరమ్మతు ఊరివాళ్ల బాధ్యత, చాన్సెల్ మరమ్మతు దశమభాగాలు, అంటే రాబడిలో పదో వంతు, తీసుకునేవాళ్ల బాధ్యత అని ఇంగ్లండులో పాత ఆచారం. ఇక్కడ ఆ హక్కు బ్లైత్‌బరా మఠానిది.

ఆదాయం ఎక్కడ తెగింది

ఎనిమిదో హెన్రీ రాజు పోపు నుంచి విడిపోయి దేశంలోని మఠాలను మూసేయించాడు. 1537లో ఆ మఠం కూడా మూతపడింది. 1547లో చనిపోయినవాళ్ల ఆత్మశాంతికి ప్రార్థనలు చేయించే నిధులను రాజ్యం రద్దు చేసి తీసేసుకుంది. వీలునామాల్లో చర్చికి రాసే డబ్బుకి దాంతో కారణం పోయింది. ఉపవాస నియమాలు సడలి చేపకి గిరాకీ పడిపోతుంటే, నావికులు కరువైపోతారని భయపడి 1563లో ప్రభుత్వం బుధవారం కూడా చేపే తినాలని చట్టం చేసింది. భక్తి చేసిన పని చట్టం చేస్తుందా? చెయ్యలేదు.

రేవు కథ ఇంకా దారుణం. గులకరాళ్లు మేట వేసి నదీముఖాన్ని మూసేయడం, జనం మళ్లీ తవ్వడం మామూలైపోయింది. 1590లో కొత్త కాలవ తవ్వుకోవాల్సి వచ్చింది. 17వ శతాబ్దంలో హెర్రింగ్ వ్యాపారం డచ్చివాళ్ల చేతుల్లోకి పోయింది. ఐస్‌లాండ్ యాత్రలు తగ్గాయి. ఊరు చిక్కిపోయింది, చర్చి కొలతలు మాత్రం 1493 నాటివే. ఇక మరమ్మతుకి మిగిలింది స్వచ్ఛందంగా ఇచ్చే కానుకలు కాదు, ఇంటింటి మీదా వేసే చర్చి పన్ను. ఆ పన్ను వసూలు ఏ ఊళ్లోనైనా గొడవే.

డౌసింగ్ మీద నేరం

ఇప్పుడు 'క్రామ్‌వెల్ మనుషుల' సంగతి. చర్చిల్లోని విగ్రహాలు, దేవుడి బొమ్మలు తీసెయ్యాలని పార్లమెంటు 1643లో ఆజ్ఞ ఇచ్చింది. ఆ డిసెంబరులో మాంచెస్టర్ ప్రభువు ఆ పనిని సఫోక్ రైతు విలియం డౌసింగ్‌కి అప్పగించాడు. అతను రెండు కౌంటీల్లో రెండు వందల యాభైకి పైగా చర్చిలు తిరిగి, ఎక్కడ ఏం పగలగొట్టాడో డైరీ రాసుకున్నాడు. చాలా చోట్ల ఈ సేవకి 6 షిల్లింగుల 8 పెన్నీలు ఫీజు కూడా ఆ ఊరి దగ్గరే వసూలు చేశాడు. వాల్బర్‌స్విక్‌కి 1644 ఏప్రిల్‌లో వచ్చాడు. కిటికీల్లోని బొమ్మల గాజు, సమాధుల మీది రాతలు, సిలువలు పోయాయి. కళాపరంగా అది పెద్ద నష్టం, కాదనను.

అయితే గాజు పగిలితే చర్చి కూలదు. అతను అదే వారంలో నదికి అవతలున్న సౌత్‌వోల్డ్‌కీ, ఎగువనున్న బ్లైత్‌బరాకీ వెళ్లాడు. రెండు చోట్లా బొమ్మలు పగలగొట్టించాడు. ఆ రెండు చర్చిలూ ఇవాళ్టికీ పైకప్పులతో నిలబడే ఉన్నాయి. బ్లైత్‌బరా కప్పు కింద చెక్క దేవదూతలు కూడా రెక్కలు చాచి అలాగే ఉన్నారు. ఒకే మనిషి, ఒకే వారం, మూడు చర్చిలు, ఫలితాలు మాత్రం ఒకటి కావు. తేడా డౌసింగ్ దగ్గర లేదన్నమాట. పరిశోధన చేసేవాళ్లు ఇలా పక్క ఊళ్లతో పోల్చి చూడకపోతే దొరికిన విలన్‌తో సరిపెట్టుకుంటారు.

1672, 1695

ముందు కోవ్‌హైత్ చూద్దాం. సౌత్‌వోల్డ్‌కి ఉత్తరాన కొండచరియ అంచునున్న కుగ్రామం.  ఆ ఊరి చర్చి పేరు కూడా సెయింట్ ఆండ్రూవే, అదీ తాహతుకి మించి పెద్దదే. 1672లో ఊరివాళ్లు అనుమతి తెచ్చుకుని పెద్ద చర్చి కప్పు విప్పేశారు. ఆ గోడల లోపలే, టవర్‌ని ఆనుకుని, రెల్లు కప్పుతో ఒక చిన్న చర్చి కట్టుకున్నారు. రాయి, ఇటుక చాలావరకు విప్పినదే. 15వ శతాబ్దపు బాప్తిస్మపు తొట్టిని దాంట్లో పెట్టారు. టవర్‌ని మాత్రం ముట్టుకోలేదు. సముద్రం మీదున్న వాళ్లకి అది గుర్తు.

ఇరవై మూడేళ్ల తరవాత వాల్బర్‌స్విక్ కూడా అదే దారి పట్టింది. 1695లో అనుమతి అడిగి, కప్పు సీసం, కలప, గంటలు అమ్మేశారు. ఆ డబ్బుతో దక్షిణ వసారా పడమటి భాగాన్ని చర్చిగా మార్చుకున్నారు. ఈ ఎంపికలో పనితనం ఉంది. కోవ్‌హైత్‌లోలాగా నడిమి హాల్లో కొత్తది కట్టలేదు. వసారాకి దక్షిణాన, పడమర గోడలు సిద్ధంగా ఉన్నాయి. ఉత్తరాన ఉన్న స్తంభాల వరస మధ్య ఖాళీలను కట్టేస్తే మూడో గోడ వస్తుంది. తూర్పున ఒక్క అడ్డగోడ చాలు. దూలం పొడవు తక్కువ కాబట్టి కప్పు కలపా తక్కువే. అక్కడికి వెళ్తే ఇప్పుడున్న చర్చి ఉత్తర గోడని బయటి నుంచి, అంటే శిథిలం లోపల నిలబడి చూడండి. ఒకప్పుడు జనం అటూ ఇటూ నడిచిన ఆర్చీలు గోడలో ఇమిడిపోయి కనిపిస్తాయి. చెక్కుడు రాయి ఎక్కడ ఆగిందో, తరవాత పూడ్చినది ఎక్కడ మొదలైందో కళ్లతోనే తెలుస్తుంది. ఈ కేసుకి ప్రధాన సాక్షి ఆ గోడే.

ఇలా చెయ్యని ఊరికి ఏమైంది? బ్లైత్‌బరా రేవు కూడా చచ్చిపోయింది, మఠం కూడా పోయింది. 1577 ఆగస్టు 4న పిడుగుపాటుకి గంట గోపురం మీది శిఖరం లోపలికి కూలి మనుషులు చనిపోయారు. ఆ రోజు చర్చిలోకి వచ్చింది నల్ల కుక్క రూపంలో ఉన్న దెయ్యమని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు, టూరిస్టులకి అది బాగా నచ్చుతుంది. ఇన్ని దెబ్బలు తిన్నా ఊరు చర్చిని చిన్నది చేసుకోలేదు. కిటికీలు కొన్ని ఇటుకతో మూసేసుకుంటూ, కప్పుకి మాట్లు వేసుకుంటూ వచ్చారు. చివరికి వాన పడితే గొడుగులు పట్టుకుని కూర్చునే దాకా వెళ్లింది. 1881లో ప్రమాదకరమని చర్చిని మూసేశారు. దాన్ని బతికించింది 19వ శతాబ్దపు చందాలు, పాత కట్టడాల మీద అప్పుడే మొదలైన మోజు. విలియం మోరిస్ 1877లో పెట్టిన పురాతన కట్టడాల సంఘం మరమ్మతు ఎలా చెయ్యాలన్న దాని మీద పెద్ద గొడవే పెట్టుకుంది. ఈ రోజు మనం బ్లైత్‌బరాని చూసి మురిసిపోతున్నామంటే అందులో అదృష్టం పాలు ఎక్కువ. 1695లో ఏ ఊరూ అలాంటి అదృష్టాన్ని నమ్ముకుని బడ్జెట్ వేసుకోలేదు.

ఇంత పెద్ద కప్పు పోయింది కదా, ఇది నష్టం కాదా అని మా పిల్లలు ప్రతిసారీ అడుగుతారు. నష్టమే. 15వ శతాబ్దపు సఫోక్ వడ్రంగం చేతికి దొరకని స్థాయిది. కానీ అప్పుడు వాళ్ల ముందున్నవి రెండే దారులు: కొంత విప్పి కొంత నిలుపుకోవడం, లేదా మొత్తం కూలేదాకా చూస్తూ ఉండటం. వాళ్లు చేసిన పని వల్ల టవర్ మిగిలింది, చర్చి ఆగకుండా నడిచింది, బయటి గోడలు కూడా చాలావరకు నిలిచాయి. నేను తప్పు పట్టేది ఒక్కటే. కప్పు తీసేశాక విడిచిపెట్టిన గోడల తలలకి ఏ రక్షణా పెట్టలేదు. చెకుముకి గోడకి పైనుంచి నీళ్లు దిగితే లోపలి సున్నం కరుగుతుంది. మంచు పట్టినప్పుడల్లా ఒక్కో రాయి వదులవుతుంది.

అందుకే ఇలాంటి శిథిలానికి మరమ్మతు రాసేటప్పుడు నేను ముందు గోడల పైభాగం చూస్తాను. వదులు రాళ్లను తీసి, సున్నంతో మళ్లీ పరిచి, నీరు నిలవకుండా వాలు ఇవ్వాలి. పైన మట్టి, గడ్డి పరిస్తే ఇంకా మంచిది, మంచు దెబ్బ తగ్గుతుంది. సిమెంటు అసలు వద్దు. సిమెంటు గట్టిది, ఊపిరాడనివ్వదు. లోపలికి దిగిన నీరు బయటికి రాలేక రాయిని తోసుకుని వస్తుంది. ఐవీ తీగని వేళ్లతో సహా ఒక్కసారి పీకితే గోడా దాంతో వస్తుంది. మొదలు నరికి ఎండనిచ్చి, ఆ తరవాత కొంచెం కొంచెంగా తీయాలి. కిటికీ చట్రాలు, ఆర్చీలు ఆ తరవాతి వంతు. డబ్బు చాలకపోతే అందరూ ముందు కిటికీలు బాగు చేస్తారు, ఫొటోలో అవే కనిపిస్తాయి కాబట్టి.

కోవ్‌హైత్‌లో ఈ లెక్క వేరు. అక్కడి ఇసుక చరియ సగటున ఏడాదికి 4.5 మీటర్లు సముద్రంలోకి పోతోంది. దేశంలోనే అతి వేగంగా కోసుకుపోతున్న తీరాల్లో అదొకటి. ఊరి రోడ్డు ఉన్నట్టుండి చరియ అంచున తెగిపోతుంది. సున్నం పని కొన్ని దశాబ్దాలైనా నిలవాలని చేస్తాం, అక్కడ నేలకే అంత ఆయుష్షు ఉందని ధీమా లేదు. డనిచ్‌లో ఆల్ సెయింట్స్ చర్చి 1904లో విరగడం మొదలుపెట్టి, 1919 నాటికి టవర్‌తో సహా పోయింది. కాబట్టి కోవ్‌హైత్‌కి నేను పెద్ద అంచనా రాయను. రాళ్లు మనుషుల మీద పడకుండా చూసే పనులు, చిన్న చర్చి కప్పుకి రెల్లు, మొత్తం కట్టడానికి లేజర్ కొలతల రికార్డు. డబ్బు ఈ మూడింటికే, అందులోనూ రికార్డు ముందు.